ఆ రాత్రి ఎవరి తలుపు తట్టాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు) ఉంది, మందులు మానేశాడు. పోయిన నెలలో నాలుగు రాత్రులు నిద్రపోలేదు. కత్తిపీట పట్టుకుని గదిలో గడియ పెట్టుకున్నాడు. ఊళ్లో డాక్టరుగారు "మెంటల్ కేసు, నేను ముట్టుకోను" అన్నారు. పోలీసులు "కంప్లయింట్ ఇస్తేనే వస్తాం" అన్నారు. చివరికి తాళ్లతో కట్టి విశాఖ తీసుకెళ్లాం. వాడు సంతకం పెట్టనంటే చేర్చకూడదా? మళ్లీ ఇలా అయితే ఏం చేయాలి?
— ఒక అక్క, పార్వతీపురం

జవాబు: అమ్మా, 'తాళ్లు' అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. నేను క్యాజువాలిటీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒకతన్ని నైలాన్ తాడుతో కట్టి ఆటోలో తెచ్చారు. కట్లు విప్పగానే అతను అడిగింది మంచినీళ్లు. దారి పొడవునా ఎవరూ ఇవ్వలేదట.

మీ ఊరి డాక్టరుగారు ముట్టుకోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 94వ సెక్షన్ ఉన్నదే ఇందుకు. ప్రాణం మీదికి వచ్చినా, తనకో ఎదుటివాళ్లకో తీవ్రంగా హాని చేసుకునేలా ఉన్నా, ఎంబీబీఎస్ డాక్టరైనా సరే, ఆస్పత్రిలోనో ఇంటి దగ్గరో చికిత్స మొదలుపెట్టవచ్చు. మీరు అక్కడుంటే మీ ఒప్పుకోలు తీసుకోవాలి. దగ్గర్లోని మానసిక వైద్యశాలకు చేర్చడమూ అందులో భాగమే. అక్కడ పరీక్షించేదాకా, మహా అయితే 72 గంటలు, ఈ వీలుంటుంది. షాక్ ట్రీట్‌మెంట్ మాత్రం ఇవ్వకూడదు. ఆ సెక్షన్ జిరాక్స్ తీయించి, తమ్ముడు బాగున్న ఈ రోజుల్లోనే వెళ్లి డాక్టరుగారితో మాట్లాడండి. అర్ధరాత్రి టెన్షన్‌లో చట్టం చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

పోలీసులకు కంప్లయింటే అక్కర్లేదు. జబ్బు వల్ల ప్రమాదంలో ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చడం స్టేషన్ ఆఫీసర్ బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. అదే చట్టంలో 100వ సెక్షన్ అని చెప్పండి.

సంతకం సంగతి. అలాంటి స్థితిలో అతని తరఫున మీరు దరఖాస్తు ఇవ్వవచ్చు. సైకియాట్రిస్టు, మరొక వైద్యులో మానసిక ఆరోగ్య నిపుణులో విడివిడిగా చూసి అవసరమంటే 30 రోజుల దాకా చేర్చుకుంటారు. ఎటూ తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్; ఆ టెలీ మానస్‌వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

ఒక్క పని ఇప్పుడే చేయండి. తనకు బాగోలేనప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో తమ్ముణ్ణే అడిగి, తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. స్టాంపు కాగితం అక్కర్లేదు. మీ పేరు కాకుండా స్నేహితుడి పేరు రాస్తానన్నా, అలాగే రాయనివ్వండి.