అంతరిక్షమే చల్లన కదా, ఎక్స్-రే ఉపగ్రహానికి మళ్లీ ఫ్రిజ్ ఎందుకు?

మే నెల కడప ఎండలో కూర్చుని అడిగితే అలాగే అనిపిస్తుంది లెండి. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి ఒక పక్క ఎండ, ఇంకో పక్క భూమి సెగ. మామూలు సీసీడీకైతే (ఎక్స్-రేలు పట్టే కెమెరా చిప్) పెద్ద హంగామా అక్కర్లేదు. మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో దాన్ని మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంచింది కరెంటుతో చల్లబరిచే చిన్న థర్మోఎలక్ట్రిక్ కూలరే.

చిక్కంతా మైక్రోకెలోరీమీటర్ అనే డిటెక్టర్‌తోనే. ఒక్కో ఎక్స్-రే ఫోటాన్ (కాంతి కణం) తగిలి ఎంత వేడెక్కిందో అది కొలుస్తుంది. ఆ వేడి కనబడాలంటే డిటెక్టర్ 0.05 కెల్విన్‌లో, అంటే దాదాపు మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉండాలి. దాని చుట్టూ 1.2 కెల్విన్ దగ్గర ద్రవ హీలియం. ఆ ట్యాంకులోకి ఒక్క మిల్లీవాట్ వేడి దూరినా ఏడాదికి దాదాపు 10 లీటర్లు ఆవిరి. ట్యాంకులో ఉండేదే 40 లీటర్ల లోపు!

నన్నడిగితే, చల్లబరచడం కంటే ఆవిరిని బయటికి పంపడమే కష్టం. అంత చలిలో హీలియం గోడలెక్కి పాకుతుంది. అందుకే సన్న రంధ్రాల బిరడా పెడతారు, ద్రవం ఆగుతుంది, ఆవిరి పోతుంది. మన మట్టికుండ పనే. అనంతపురం పొడిగాలిలో కుండ నీళ్లు జిల్లుమంటాయి. అదే కుండను బీరువాలో పెట్టి తలుపేయండి, ఆవిరి పోయే దారి లేక నీళ్లు చల్లబడవు.

జపాన్ ఎక్స్-రే ఉపగ్రహం సుజాకులో జరిగింది అలాంటిదే. 2005 జులై 10న ఎగిరింది. డిటెక్టర్ 0.06 కెల్విన్‌కు చేరింది, బాగా పనిచేసింది కూడా. కానీ హీలియం ఆవిరిని వదిలిన గొట్టం తెరుచుకున్నది ఉపగ్రహం లోపలికే. వేడి దూరకుండా ట్యాంకు చుట్టూ ఫ్లాస్కులా ఉంచిన శూన్యపు గది తెరుచుకున్నదీ అక్కడికే. ఆ ఆవిరి శూన్యంలోకి చొరబడి, చుట్టూ ఉన్న ఘన నియాన్ ట్యాంకు నుంచి వేడిని మోసుకొచ్చింది. రెండేళ్లకు పైగా రావలసిన హీలియం ఆగస్టు 8కే ఖాళీ. తర్వాతి జపాన్ ఉపగ్రహం హిటోమిలో ఆవిరిని నేరుగా బయటికే వదిలారు.

1.2 నుంచి 0.05కి దించేది అయస్కాంతం. కాయిల్‌లో కరెంటు పెంచితే డిటెక్టర్‌ను చల్లబరిచే లవణపు ముద్ద వేడెక్కుతుంది. హీట్ స్విచ్ మూసి (అంటే వేడికి దారి కలిపి) ఆ వేడిని హీలియంలోకి పంపాలి. తర్వాత స్విచ్ తెరిచి (దారి తెంపి) కరెంటు మెల్లగా తగ్గిస్తే ముద్ద చల్లబడుతుంది. ఆ చలి ఒకటిన్నర రోజుకు పైగా నిలుస్తుంది, మళ్లీ ఇదంతా చేయడానికి గంట చాలు. 2023లో ఎగిరిన ఎక్స్‌రిజమ్ ఉపగ్రహంలో హీలియం అయిపోయినా స్టిర్లింగ్, జౌల్-థామ్సన్ అనే యాంత్రిక కూలర్లతోనే నడిపే ఏర్పాటుంది.