పాత వీడియో గేమ్ షాపు ఆటలకి ఇరవై వేలలో పీసీ: డబ్బు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది ఇదీ: మానిటర్‌తో కలిపి ఇరవై వేలలో ఒక పీసీ కావాలి. ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, కుదిరితే టెక్కెన్ 3 ఆడాలి. షాపతనేమో గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేమింగ్ పీసీ ఏంటి సార్ అంటున్నాడు.

గ్రాఫిక్స్ కార్డు మానేయండి. ఆ డబ్బు జాయ్‌స్టిక్కులకీ మానిటర్‌కీ పెట్టండి. ఇలాంటి సెట్ ఒకటి మా ఇంట్లో నడుస్తోంది, ఇంకొకటి మా బావ కోసం కూర్చాను. రెండిట్లోనూ పీసీ అన్నిటికన్నా తేలికైన భాగం. ఆడేవాళ్లకి తేడా తెలిసేది చేతి కింద ఉండే బటన్‌లోనే.

షాపతను చెప్పేది కొత్త ఆటల విషయంలో నిజమే. మన ఆటల సంగతి వేరు. ముస్తఫా అని మనం పిలిచే ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. గేమ్ షాపు మెషీన్ లోపల ఆ ఆటని నడిపిన బోర్డు మీద ఉన్న ముఖ్యమైన చిప్పు మోటరోలా 68000, వేగం 10, 12 మెగాహెర్ట్జ్ దగ్గర. తెర మీద బొమ్మ 384 అడ్డం, 224 నిలువు చుక్కలు, అంతే. మేమ్ లాంటి ఎమ్యులేటర్, అంటే పాత గేమ్ మెషీన్‌ని పీసీలో అనుకరించే ప్రోగ్రామ్, ఈ చిప్పునీ, పక్కన సౌండ్ చూసుకునే ఇంకో చిప్పునీ సాఫ్ట్‌వేర్‌లోనే నడిపిస్తుంది. అవి ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా నడవాలి కాబట్టి పనిని ప్రాసెసర్‌లోని ఎనిమిది కోర్లకి పంచడం కుదరదు. ఒక్క కోర్ ఎంత చురుగ్గా ఉందన్నదే లెక్క. బొమ్మ గీసే పని కూడా ఎక్కువగా ప్రాసెసరే చేస్తుంది. గ్రాఫిక్స్ వైపుకి మిగిలేది ఆ బొమ్మని తెర సైజుకి పెంచడం, ఇష్టమైతే పాత టీవీ గీతల ఎఫెక్ట్ వేయడం. దానికి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు.

అందుకే ముందు ఆటల లిస్టు రాసుకోమంటాను. మీరు చెప్పిన వాటిలో టెక్కెన్ 3 తప్ప అన్నీ 2డీ ఆటలు. వాటికి పదేళ్ల కిందటి ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ కూడా ఎక్కువే. టెక్కెన్ 3 ఆర్కేడ్ బోర్డు, అంటే గేమ్ షాపు మెషీన్‌లోది, ప్లేస్టేషన్ ఆధారంగా తయారైంది, కాబట్టి అదీ పెద్ద బరువు కాదు. మనలో చాలామంది నిజానికి ఆడింది ప్లేస్టేషన్‌లో వచ్చిన టెక్కెన్ 3నే. మీ గుర్తుల్లో ఉన్నది అదైతే డక్‌స్టేషన్ అనే ప్లేస్టేషన్ ఎమ్యులేటర్‌లో ఇంకా తేలిగ్గా నడుస్తుంది, బొమ్మ కూడా నీటుగా వస్తుంది. అసలు కష్టం 90ల చివర్లో వచ్చిన కొన్ని 3డీ ఆర్కేడ్ ఆటలతో. శాన్ ఫ్రాన్సిస్కో రష్, గాంట్లెట్ లెజెండ్స్ లాంటివి మేమ్‌లో మంచి ప్రాసెసర్‌ని కూడా చెమటలు పట్టిస్తాయి. సెగా మోడల్ 3 ఆటలకి సూపర్‌మోడల్ అని వేరే ఎమ్యులేటర్ ఉంది, దానికి గ్రాఫిక్స్ బలం కూడా కావాలి. మీ లిస్టులో ఇవేవీ లేవు కాబట్టి వదిలేయండి.

ఇక కొనేది. మీ బడ్జెట్‌కి కొత్త భాగాలతో అసెంబుల్ చేయించడం కన్నా ఆఫీసుల నుంచి తీసేసిన డెస్క్‌టాప్ మేలు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ ఈ రకం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే వరసగా కనిపిస్తాయి. మీ ఊళ్లో కూడా సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ షాపు ఏదో ఒకటి ఉంటుంది. కనీసం ఐ5-6500 తీసుకోండి. దొరికితే ఐ3-8100 ఇంకా మంచిది. ఐ5 కాకుండా ఐ3 మంచిదా అని షాపులో నవ్వితే నవ్వనివ్వండి. 8100లో కూడా 6500లో లాగే నాలుగు కోర్లే, వేగం 3.6 గిగాహెర్ట్జ్.

ఇక్కడే చాలామందికి టోకరా పడుతుంది. "కోర్ ఐ5, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ" అని బోర్డు పెడతారు, లోపల ఉండేది బాగా పాత రెండో తరమో మూడో తరమో (ఐ5-6500లో మొదటి 6 అంటే ఆరో తరం). డబ్బా మీది స్టిక్కర్ ఎవరైనా అంటించవచ్చు. మెషీన్ ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నంబర్ చూడండి. నంబర్ చివర టీ అని ఉంటే, ఉదాహరణకి ఐ5-6500టీ, అది కరెంటు తక్కువ తినే రకం, వేగం కూడా తక్కువ. పుస్తకం సైజు మినీ పీసీల్లో ఎక్కువగా ఇవే ఉంటాయి. 2డీ ఆటలకి పరవాలేదు గానీ అదే రేటుకి మామూలుది దొరికితే దాన్నే తీసుకోండి. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లోకి, వెళ్లి చూపించమనండి. కొన్ని ఆఫీసు మెషీన్లకి అక్కడ పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. అది షాపతనికీ తెలియదు, తర్వాత తీయించాలంటే తలనొప్పి. బయోస్ తెరుచుకుంటే కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందేమో చూడండి. రేపు చెక్క డబ్బాలో పెట్టినప్పుడు గోడ స్విచ్ వేస్తే చాలు, పీసీ లేస్తుంది.

ఈ ఆఫీసు డబ్బాల్లో పవర్ సప్లై చిన్నది, కనెక్టర్లు కూడా కొన్నిట్లో కంపెనీ సొంత రకం. తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేద్దాం అనుకునేవాళ్లకి ఇది ఇబ్బంది. మనం వేయం కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఇంటికి తెచ్చాక ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద వేడిని లాగే థర్మల్ పేస్ట్ కొత్తగా రాయండి. ఏళ్ల తరబడి ఆఫీసులో నడిచిన వాటిలో అది ఎండిపోయి ఉంటుంది.

లేదు, కొత్తదే కావాలి, బడ్జెట్ కాస్త పెంచుతాను అంటే ఐ3-12100 గానీ రైజెన్ 5 5600జీ గానీ చూడండి. ఇంటెల్‌లో నంబర్ చివర ఎఫ్ ఉన్నది మాత్రం వద్దు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కొంచెం చవగ్గా వస్తుందని తీసుకుంటే మళ్లీ కార్డు కొనాల్సిందే. ర్యామ్ 8 జీబీ చాలు. స్టోరేజీకి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 2డీ ఆటల ఫైళ్లు మరీ చిన్నవి, వందల ఆటలు పెట్టినా నిండదు.

రాస్ప్‌బెర్రీ పై గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. మంచిదే. కానీ బోర్డు, అడాప్టర్, కేసు, మెమరీ కార్డు అన్నీ కలిపి చూస్తే వాడిన డెస్క్‌టాప్ ధరకి దగ్గరికొస్తుంది, పని మాత్రం తక్కువ చేస్తుంది. పదివేల ఆటలు అని అమ్మే స్టిక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు, అదే ఆట ఆరు పేర్లతో ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, కంట్రోల్స్. కీబోర్డు మీద ఇద్దరు ఆడదాం అనుకోకండి. మామూలు కీబోర్డులో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే కొన్ని అందవు. ఒకడు గట్టిగా నొక్కి పట్టుకుంటే రెండోవాడి దెబ్బ పడదు, తర్వాత ఆట కన్నా గొడవే ఎక్కువ. ఆర్కేడ్ జాయ్‌స్టిక్, బటన్లు, వాటిని యూఎస్‌బీకి కలిపే చిన్న ఎన్‌కోడర్ బోర్డు కలిపి కిట్‌గా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వైర్లు బోర్డులోకి నేరుగా గుచ్చుకుంటాయి, సోల్డరింగ్ అక్కర్లేదు. స్ట్రీట్ ఫైటర్‌కి ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి, మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ లాంటి నియో జియో మెషీన్ ఆటలకి నాలుగు. కాబట్టి ఆరు పెట్టించండి, పైన కాయిన్‌కీ స్టార్ట్‌కీ చెరొకటి. మొదట చవక కిట్‌తో మొదలుపెట్టి, ఆడుతూ అలవాటయ్యాక జాయ్‌స్టిక్ ఒక్కటీ సాన్వా లాంటి మంచి కంపెనీది మార్చుకోవచ్చు. మా ఇంట్లో అలాగే చేశాం, చేతికి తేడా వెంటనే తెలిసింది.

ఇవి బిగించే చెక్క పెట్టెకి కార్పెంటర్ దగ్గరికి వెళ్లేముందు బటన్లు చేతిలో ఉండాలి. జపాన్ పద్ధతి బటన్‌కి రంధ్రం 30 మిల్లీమీటర్లు. నొక్కితే టక్కున కూర్చునే రకం పలుచని పలకకి తయారుచేసింది, మందం ప్లైవుడ్‌లో నిలవదు. చెక్కకైతే వెనక నుంచి నట్టు బిగించే రకం అడగండి. పలక మరీ మందమైతే జాయ్‌స్టిక్ కాడ పైకి చాలినంత రాదు. ఆ చోట కింద నుంచి చెక్క కాస్త తొలిచి బిగించాలి.

ఇంకో చిక్కు. ఒకే రకం ఎన్‌కోడర్లు రెండు పెడితే కంప్యూటర్‌కి రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి. రీస్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి ప్లేయర్ 1, ప్లేయర్ 2 తారుమారవుతారు. వాటిని ఎప్పుడూ అవే యూఎస్‌బీ పోర్టుల్లో ఉంచండి. అయినా మారుతుంటే ఏ బోర్డు ఎవరిదో మేమ్ సెట్టింగ్ ఫైల్లో ఖాయం చేసే దారి ఉంది. ముస్తఫా ముగ్గురు కలిసి ఆడే ఆట, గుర్తుందా? మూడోవాడికి ఒక యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఇవ్వండి. మూడు జాయ్‌స్టిక్కుల పెట్టె చేయిస్తే ఇంట్లో పెట్టడానికి చోటుండదు.

మానిటర్ విషయంలో నా సలహా కొంచెం వింతగా అనిపించవచ్చు. పాత 17, 19 ఇంచుల ఆఫీసు ఎల్‌సీడీ, అంటే చతురస్రానికి దగ్గరగా ఉండేది కొనండి. వాటిని ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, చవగ్గా ఇస్తారు. ఈ ఆటలన్నీ 4:3 టీవీ గొట్టాలకి గీసినవి. వెడల్పు మానిటర్‌లో పక్కల నల్లగా వదిలేయాలి, లేదా సాగదీస్తే స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ కూడా లావుపాటి ఇ. హోండాలా కనిపిస్తాడు. పాత మానిటర్ 1280x1024లో పైనా కిందా సన్నని పట్టీలు పోగా బొమ్మ దాదాపు తెరంతా నిండుతుంది. కొనేముందు పీసీ వెనక ఏ పోర్టు ఉందో చూసుకోండి. ఈ మానిటర్లకి వీజీఏ, డీవీఐ ఉంటాయి, ఆఫీసు పీసీల్లో ఎక్కువగా డిస్‌ప్లేపోర్ట్. మధ్యలో కన్వర్టర్ కావాలి. ఇంట్లో ఎల్‌ఈడీ టీవీయే వాడతానంటే గేమ్ మోడ్ తప్పకుండా ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కాక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. ర్యూ విసిరే హడోకెన్ రావట్లేదని జాయ్‌స్టిక్‌ని తిట్టే వాళ్లలో సగం మంది టీవీని తిట్టాలి.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది. ఐ5-6500 విండోస్ 11 లిస్టులో లేదు, ఐ3-8100 ఉంది. ఈ మెషీన్ ఆటలకే అయితే విండోస్ బదులు బటోసెరా అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతుంది, ఉచితం, ఎమ్యులేటర్లు అందులోనే ఉంటాయి. షాపుకి ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే కొనేముందే అక్కడ నడిపి చూడవచ్చు కూడా.

ఆట ఫైల్ మేమ్ వెర్షన్‌కి సరిపోవాలి. ఒక వెర్షన్ కోసం చేసిన ఫైల్ ఇంకో వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. ఆట నడవకపోతే పీసీ బలం చాలలేదని టెన్షన్ పడి ర్యామ్ కొనకండి, ముందు ఇది చూడండి. ఈ ఆటలకి కాపీరైట్ ఇంకా ఉంది. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మెటల్ స్లగ్, క్యాప్‌కామ్ ఆర్కేడ్ ఆటల కట్టలు స్టీమ్‌లో కొనుక్కోవచ్చు, సేల్‌లో బాగా తగ్గుతాయి. వాటి కోసమైతే బటోసెరా పక్కన పెట్టి విండోస్ ఉంచుకోవడమే సులువు. ముస్తఫా మాత్రం అలా దొరకదు. అది ఒక కామిక్ ఆధారంగా లైసెన్స్ తీసుకుని చేసిన ఆట, తర్వాత క్యాప్‌కామ్ తెచ్చిన కట్టల్లో దేంట్లోనూ అది లేదు.