రిస్తిసెయిస్క ఆడబోయే ముందు

బుజ్జీ,

ఫిన్లాండ్‌లో మీ ఆఫీసువాళ్లు సరస్సు పక్క వేసవి ఇంటికి పిలిచారని రాశావు. వాన పడిందంటే పేక తీస్తారు, ఎక్కువగా రిస్తిసెయిస్క అనే ఆటే. టెన్షన్ పడకు, ఏడు ముక్క పరిచి అటు ఆరు, ఇటు ఎనిమిది పేర్చుకుంటూ పోవడమే ఆట. కళావరు ఏడు ఎవరికి పడితే వాళ్లదే మొదటి ఎత్తు, ఆటకి ఆ పేరు అందుకే. రిస్తి అంటే శిలువ, కళావరుకి ఫిన్నిష్‌లో మాట అది. సెయిస్క ఏడే గానీ లెక్కపెట్టే ఏడు కాదు, ఏడు ముక్క అన్నమాట. ఏడో నంబరు బస్సునీ సెయిస్క అనే అంటారు.

అసలు చిక్కు మాట చివర ఉంది. మనం "పేక ఆడదాం" అంటాం, "పేకను" అనం. వాళ్లకి విభక్తి లేకపోతే కుదరదు. అక్కడి తంపెరె ఊళ్లో కొత్తలో నేను రిస్తిసెయిస్క ఆడదాం అనబోయి "పెలతాన్ రిస్తిసెయిస్క" అన్నాను. పక్కన కూర్చున్న ముసలావిడ కళావరు ఏడు ముక్క పైకెత్తి, "సెయిస్కా" అని చివర సాగదీసి చూపించింది. ఆ దీర్ఘం, అంటే చివర చేరిన అ, అదే విభక్తి, పార్టిటివ్ అంటారు. ఏ ఆట ఆడతావన్నా పేరుకి అది తగలాల్సిందే: పోకెరి ఆడితే పోకెరియ, పేక ఆడితే కొర్త్తియ. పడు, పాడు తేడా పుట్టుకతో తెలిసిన మనకి ఇది కష్టం కాకూడదు, కాకపోతే మాట చివర దీర్ఘం మనకి అలవాటు తక్కువ, అక్కడే నోరు జారుతుంది. అద్దం ముందు పదిసార్లు అనుకో.

ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టం. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ కింద ఉండేది కదా, ఆటని స్వీడన్‌వాళ్లు స్పెల్ అంటే ఫిన్లాండ్‌వాళ్లకి మాట మొదట్లో రెండు హల్లులు పలకక స తీసేసి పెలి అన్నారు. అలాగే ఇస్పేటుకి స్పాదర్ పత అయింది, బడికి స్కూల కౌలు అయింది. మనం స తీయకుండా ముందు ఇ చేర్చుకున్నాం: ఇస్పేటు, ఇస్కూలు. ఇలా ముడేసుకుంటే మాట మర్చిపోవు.

నిఘంటువులో ఉన్న రూపం ఒక్కటే బట్టీపట్టి వెళ్లకు, "పెలతాన్కొ కొర్త్తియ?" అని వాక్యం మొత్తం నోటికి పట్టించుకుని వెళ్లు, పేక ఆడదామా అని నువ్వే ముందు అడుగు. వచ్చాక ఫోన్ చెయ్యి, కళావరు ఏడు ఎవరికి పడిందో చెప్పు.

పెద్దమ్మ