రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు

చిన్నీ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. ముందు ఒక్క పని చెయ్యి. వచ్చే మంగళవారం కనురెప్పల మడతకి రెండోసారి ఆపరేషన్ అన్నావు కదా, అది క్యాన్సిల్ చేసుకో. కట్టిన అడ్వాన్సు పోతే పోనీ. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నీకు మొదటి ఆపరేషన్ అయి నాలుగు నెలలే అయింది. ఇక్కడ కొరియాలో జొల్గే అనే, కోత పెట్టి చేసే పద్ధతిలో మచ్చ లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది. పైకి కనిపించే వాపు నెలలో తగ్గినట్టే ఉంటుంది గానీ, కుట్టు చుట్టూ లోపలున్న బిగువు సడలడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. ఇప్పుడు మళ్ళీ కోస్తే, మానని పుండుని మళ్ళీ కెలికినట్టే. కోత లేకుండా దారంతో కుట్టే మేమొల్ అయితే లెక్క వేరు, ఆ దారం ముందే తీయించుకోవచ్చు. నీది అది కాదు.

ఫిబ్రవరిలో అన్నయ్య పెళ్లి ఉంది, ఆ లోపు సరిచేయించుకోవాలి అన్నావు. రెండోసారి చేస్తే వాపు మొదటిసారి కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది తల్లీ. ఇప్పుడున్న తేడా మీ అత్తయ్యలు గమనించకపోవచ్చు. కొత్త వాపుతో వెళ్తే మాత్రం పెళ్లింట్లో ప్రతివాళ్ళూ అడుగుతారు.

నా సంగతి మీ అమ్మకి కొంత తెలుసు, నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నా ఎడమ రెప్ప చిన్నప్పటి నుంచి కొంచెం వాలి ఉండేది, కుడి రెప్పకి ఉన్నట్టు మడత కూడా తేలేది కాదు. మా అత్తగారు నన్ను నిద్రమొహం అనేవారు. మేం సియోల్ దగ్గరి సువన్ వచ్చాక, ఇక్కడ కాలేజీ పిల్లలు కూడా స్సాంగ్‌కొపుల్, అంటే రెప్ప మీద మడత తెప్పించే ఆపరేషన్, చేయించుకోవడం చూసి నాకూ ధైర్యం వచ్చింది. అప్పట్లో సియోల్ మెట్రోలో అప్‌గుజొంగ్ స్టేషన్ దిగితే గోడల నిండా ఆ ప్రకటనలే ఉండేవి. ఒక చోటికి వెళ్ళాను. డాక్టర్ నాతో అయిదు నిమిషాలు మాట్లాడి ఉంటాడేమో, షిల్‌జాంగ్, అంటే క్లినిక్ మేనేజరు, మాత్రం గంటసేపు మాట్లాడింది. ఎడమ కన్ను కోసం వెళ్తే, రెండూ చేయించుకుంటే సమానంగా వస్తాయని చెప్పి రెండూ చేయించింది. నీకూ అదే చెప్పారని విన్నప్పుడు నా గుండె కలుక్కుమంది.

మూడు నెలలకి నా ఎడమ మడత ఎత్తుగా, ఉబ్బుగా కనిపించసాగింది. ఇక్కడివాళ్ళు సాసేజ్ కన్ను అంటారు. మడత కిందికి దించాలి అనుకుంటూ ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ ఫొటోలు చూసి సరే దించేద్దాం అన్నారు. మూడో ఆయన ఫొటోలు అడగలేదు. స్టూల్ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, నా కనుబొమ్మ మీద బొటనవేలు గట్టిగా ఆనించి, ఇప్పుడు కళ్ళు తెరవండి అన్నాడు. ఎడమ రెప్ప సగంలో ఆగిపోయింది. అప్పటిదాకా నేను ఆ రెప్పని నుదుటి కండతో లాక్కుంటూ బతుకుతున్నానని నాకే తెలియదు. కిందికి చూడమన్నాడు, పైకి చూడమన్నాడు, చిన్న స్కేలు పెట్టి రెప్ప ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో రాసుకున్నాడు. తర్వాత చేతికి అద్దం ఇచ్చి, దూది పుల్లతో ఎడమ రెప్పని పైకెత్తాడు. నేను చూస్తుండగానే కుడి రెప్ప దానంతటదే కొంచెం కిందికి దిగింది. రెండు రెప్పలకీ మెదడు నుంచి ఒకే ఆజ్ఞ వెళ్తుంది, ఒకటి బలహీనంగా ఉంటే దాని కోసం పంపిన బలం రెండోదానికీ అందుతుంది, అందుకే మీ కుడి కన్ను పెద్దదిగా కనిపిస్తోంది అన్నాడు.

అంటే నా సమస్య మడత కాదు. రెప్పని ఎత్తే కండ బలహీనంగా ఉండటం. దాన్ని ఇక్కడ ఆన్‌గొమ్‌హాసు అంటారు. రెప్ప అంచు కిందికి వాలితే మడతకీ వెంట్రుకలకీ మధ్య జాగా వెడల్పుగా కనిపిస్తుంది, చూసేవాళ్ళకి మడతే ఎత్తుగా పెట్టారనిపిస్తుంది. ఆ మొదటి ఇద్దరి మాట విని మడత ఒక్కటే దించి ఉంటే, నా కన్ను ఇంకా చిన్నదయ్యేది. నీకూ ఎడమ కన్ను చిన్నప్పటి నుంచే తేడా కదా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. నీది కూడా అదే అని నేను అనను, అది పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. కానీ నీ కనుబొమ్మ మీద వేలు పెట్టి చూడని డాక్టర్ చేతిలో నీ కళ్ళు పెట్టకు.

ఇంకో సంగతి. తక్కువగా ఉన్న మడతని పైకి పెంచడం తేలిక, ఎత్తుగా పెట్టినదాన్ని దించడం కష్టం. పాత మచ్చ దగ్గర అతుక్కున్న పొరల్ని విడదీయాలి, అవి మళ్ళీ అక్కడే అతుక్కోకుండా మధ్యలో కొవ్వు దించి అడ్డం పెట్టాలి. మొదటిసారి కొవ్వు ఎక్కువగా తీసేసి ఉంటే, ఆ అడ్డం పెట్టడానికే ఏమీ మిగలదు, ఒంట్లో ఇంకో చోటి నుంచి తెచ్చి పెట్టాల్సి రావచ్చు. చర్మం సంగతీ అంతే. కనుబొమ్మ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల దాకా సుమారు 20 మిల్లీమీటర్ల చర్మం ఉండాలని డాక్టర్లు లెక్క వేసుకుంటారు. అది తగ్గితే కన్ను పూర్తిగా మూసుకోదు. తీసేసిన చర్మాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

అందుకే పాత కాగితాలు కావాలి. మొదట చేసిన క్లినిక్‌కి వెళ్ళి ఆపరేషన్ రికార్డు కాపీ అడుగు. అడిగితే ఇవ్వాల్సిందే, ఇక్కడి చట్టం అదే, సర్జరీ రికార్డులు పదేళ్ళు దాచాలి. ఎంత చర్మం తీశారు, కొవ్వు తీశారా, మడత ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర కుట్టారు, ఇవి అందులో ఉంటే రెండో డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది. పోట్లాడటానికి వెళ్ళకు. మర్యాదగా అడిగి తెచ్చుకో. ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం, ఇలాంటి గొడవలకి ఇక్కడ వైద్య వివాదాల మధ్యవర్తిత్వ సంస్థ ఉంది.

డాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలో కూడా విను. ఈ దేశంలో లైసెన్సు ఉన్న ఏ డాక్టరైనా రెప్పలు కోయవచ్చు. బోర్డు చూడు. క్లినిక్ పేరుతో కలిపి సొంగ్‌హ్యొంగ్ వేగ్వా అని ఉంటే ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్టు. పేరు తర్వాత ఉత్త ఉయ్‌వొన్ (క్లినిక్) అని ఉండి, చూసే విభాగాలంటూ పక్కన సొంగ్‌హ్యొంగ్ వేగ్వా రాసి ఉంటే, అక్కడి డాక్టర్ ఆ స్పెషలిస్టు కాకపోవచ్చు. నాకైతే, నీలాంటి కేసుకి పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రిలో రెప్పలు మాత్రమే చూసే కంటి సర్జన్ దగ్గర ఒక్కసారి చూపించడం మేలనిపిస్తుంది. మత్తు ఇచ్చి పడుకోబెడితే ఆపరేషన్‌ని గదిలోని కెమెరాతో రికార్డు చేయమని అడిగే హక్కు 2023 సెప్టెంబర్ 25 నుంచి వచ్చింది, ముందే రాసిచ్చి అడగాలి. నీకు చెప్పిన సర్జనే కత్తి పట్టాలని కూడా రాయించుకో. ఈ రోజే కడితే ఇంత తగ్గిస్తాం అన్న చోట నుంచి లేచి వచ్చెయ్.

ఈ లోపు మసాజులు చెయ్యకు, రెప్పల మీద టేపులు అతికించకు. రాత్రి నిద్రలో కన్ను పూర్తిగా మూసుకుంటోందో లేదో నీ రూమ్మేట్‌ని చూడమను. మూసుకోకపోతే, పొద్దున్నే కళ్ళు మండుతుంటే, ఆరు నెలలు ఆగొద్దు, ఈ వారమే కంటి డాక్టర్‌కి చూపించు. చుక్కల మందు, రాత్రికి ఆయింట్‌మెంట్ ఇస్తారు. అందం కోసం ఆగవచ్చు గానీ నల్లగుడ్డు ఎండిపోతుంటే ఆగకూడదు.

నువ్వు పంపిన ఫొటోలు లెక్కపెట్టాను, ఒక్క రోజులో నలభై మూడు. నేనూ అలాగే చేశాను, లిఫ్టు అద్దంలో, ఆగి ఉన్న కార్ల కిటికీల్లో కూడా చూసుకునేదాన్ని. నెలకి ఒక్కసారి తీసుకో, అదే కిటికీ దగ్గర, అదే టైముకి, ఎదురుగా, కిందికి, కళ్ళు మూసి. అలా అయితేనే మార్పు తెలుస్తుంది. ల్యాబ్‌కి వెళ్ళలేక, అన్నం తినలేక అద్దం ముందే కూర్చుంటున్నావంటే మాత్రం మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళు. ఆ బాధకి రెప్ప కోస్తే ఉపశమనం రాదు.

అమ్మకి ఇంకా చెప్పలేదన్నావు. చెప్పు. రెండు రోజులు కోప్పడుతుంది, తర్వాత రోజూ ఫోన్ చేసి కళ్ళెలా ఉన్నాయని అడుగుతుంది. నువ్వు చెప్పాక నేనూ మాట్లాడతాను.

నేను పదకొండు నెలలు ఆగి రెండోసారి చేయించుకున్నాను. మధ్యలో లేపి కూర్చోబెట్టి, కళ్ళు తెరిపించి చూసి, కండ బిగించారు. ఇప్పటికీ సాయంత్రం అలసిపోతే ఎడమ రెప్ప అర మిల్లీమీటరు దిగుతుంది. నాకు అది చాలు. ఏడాది తిరిగాక నీ కన్ను దానంతటదే నీకు నచ్చేంత సర్దుకుంటే, అసలు ఏమీ చేయించుకోకపోవడం కూడా మంచి నిర్ణయమే.

శనివారం సిన్‌బున్‌దాంగ్ లైన్ మెట్రో రైలు ఎక్కి ఇక్కడికి రా. ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటోలు ఉంటే తీసుకురా, పాస్‌పోర్టు ఫొటో అయినా సరే, నవ్వకుండా ఎదురుగా చూస్తున్నవి. నాకు చేసిన ఆయన ఫోన్ నంబరు ఇస్తాను, అపాయింట్‌మెంట్ నువ్వే తీసుకో. ఆ రోజు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకు, మేకప్ వద్దు, కాటుక కూడా వద్దు.

మీ పెద్దమ్మ