చేపను దాని లోతులోనే చూడు

చిరంజీవికి,

లోతు సముద్రపు జీవుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. గ్రీన్‌లాండ్ షార్క్ మీద రాసిన పేరా చాలావరకు బాగుంది. కానీ బ్లాబ్‌ఫిష్ దగ్గరికి వచ్చేసరికి "ముఖం కరిగి కారిపోతున్న కురూపి చేప" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. మిగతాది తర్వాత చదువుదామని పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ ముఖం ఆ చేపది కాదు తమ్ముడూ. అది బతికేది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు సముద్రంలో, 600 నుంచి 1200 మీటర్ల లోతున. నీళ్ళలో పది మీటర్లు దిగిన కొద్దీ మన మీదున్న గాలి ఒత్తిడంత అదనంగా పడుతుంది, అంటే 900 మీటర్ల దగ్గర దాదాపు 90 రెట్లు. కండ తక్కువ, ఒళ్ళంతా జెల్లీ, చుట్టూ ఉన్న ఆ నీళ్ళే దానికి ఆసరా. వలలో పడి పైకొచ్చేసరికి ఆ ఆసరా పోయి ఒళ్ళు జారిపోతుంది. అందరికీ తెలిసిన ఫొటో 2003లో ఒక పరిశోధన నౌక మీద తీసింది. 2013లో ఓటింగ్ పెట్టి మరీ ప్రపంచంలోకెల్లా వికారమైన జంతువు అని బిరుదు కట్టబెట్టారు. నువ్వూ అదే పాట పాడితే ఎలా?

నేను చెప్పేది ఒక్కటే. అది బతికున్నప్పుడు, దాని లోతులో, దాని పని చేసుకుంటూ ఎలా ఉంటుందో రాయి. నీ వ్యాసంలోని దెయ్యాలు, పిశాచాలు, నరకం అన్నీ కొట్టెయ్.

బారెలై అనే చిన్న చేప సంగతి తీసుకో. 1939లో దాన్ని వర్ణించారు. వలలో వచ్చేసరికి తల మీది పారదర్శకమైన పొర చిరిగిపోయేది, అందుకని దాదాపు డెబ్బయ్యేళ్ళు ఆ పొర ఊసే లేదు, గొట్టాల్లాంటి కళ్ళు ఎప్పుడూ పైకే చూస్తాయనుకున్నారు. కాలిఫోర్నియాలోని మాంటెరే బే పరిశోధకులు రిమోట్‌తో నడిచే వాహనాన్ని దింపి బతికున్న చేపను చూశారు, ఒకదాన్ని ఓడ మీద తొట్టెలో కొన్ని గంటలు ఉంచి గమనించారు. ఆకుపచ్చటి ఆ కళ్ళు పొర లోపలే పైనుంచి ముందుకి తిరుగుతున్నాయి! నోటి పైన కళ్ళలా కనిపించే రెండు గుంటలేమో వాసన పసిగట్టేవి. చచ్చిన చేపను ఎంతసేపు చూస్తే ఇది తెలుస్తుంది చెప్పు?

గాబ్లిన్ షార్క్ అనే లోతు సముద్రపు సొరచేప మీద నేను రాసినప్పుడూ ఇదే గొడవ. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రిళ్ళు కూర్చుని రాసిన వ్యాసం. దవడలు మామూలుగా ముఖం కింద ముడుచుకునే ఉంటాయి, ఎర అందేంత దగ్గరికి వచ్చినప్పుడే బయటికి దూసుకొస్తాయి అని రాశాను (ఆ వేగం సెకనుకు 3 మీటర్లని 2016లో లెక్క తేలింది). ఎడిటర్ గారు సరిగ్గా ఆ వాక్యమే తీసేసి, చచ్చాక దవడ వేలాడుతున్న బొమ్మ పెద్దగా వేసి, పైన "సముద్ర పిశాచి" అని పెట్టారు. అడిగితే "పాఠకుడికి భయం కావాలండీ" అన్నారు. పారితోషికమూ రాలేదు. ఇవాళ వీడియోల వాళ్ళు థంబ్‌నెయిళ్ళలో చేసేదీ అదే, నువ్వు వాళ్ళ దగ్గర నేర్చుకోకు.

తల మీది వెలుగుతో ఎరను దగ్గరికి రప్పించే యాంగ్లర్ ఫిష్‌ను ఓడంత చేశావు. వాటిలో హంప్‌బ్యాక్ యాంగ్లర్ అనే రకంలో ఆడచేపే 18 సెంటీమీటర్లు మించదు, మగది 3. కొలత రాయి, చాలు.

ఇక నీ గ్రీన్‌లాండ్ షార్క్. "మెరుపులా దూసుకెళ్ళింది" తీసెయ్, అది ఈదేది గంటకు కిలోమీటరు పైచిలుకు. వయసు 400 ఏళ్ళని ఖాయంగా రాశావు. పుట్టకముందే తయారై ఇక మారని కంటి కటకం మధ్యభాగాన్ని కార్బన్ డేటింగ్ (అందులోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే పద్ధతి) చేసి, 5 మీటర్ల ఆడ షార్క్‌కు 392 ఏళ్ళు, 120 అటూ ఇటూ అని 2016లో పరిశోధకులు చెప్పారు. ఆ అటూ ఇటూ కూడా రాయి. పిల్లల్ని కనే వయసు రావడానికే 150 ఏళ్ళు పడుతుందని వాళ్ళ అంచనా. అలాంటిది వలలో పడితే ఆ లోటు ఎన్నాళ్ళకు పూడుతుందో నీ పేరాలో ఎక్కడా లేదు, అక్కడ ఇంకో నాలుగు వాక్యాలు పడాలి.

తిరగరాసి పంపు. ఏ పత్రికకు ఇవ్వాలన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.