టీవీ వాయిదాలు తీరకముందే కొత్త రిసీవరా?

ప్రశ్న: నా వయసు 38. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. జీతంలో 70 శాతం ఇంటి ఖర్చులకు, 18 శాతం ఈఎంఐలకు పోతుంది. అందులో కారుది 10, టీవీది 8. టీవీకి ఇంకా 7 వాయిదాలున్నాయి. సేవింగ్స్ ఖాతాలో నెలన్నర గడిచేంత డబ్బుంది. మ్యూచువల్ ఫండ్‌లో కొద్దిగా ఉంది. ఇన్సూరెన్స్ అంటే ఆఫీసు వాళ్లు ఇచ్చిందే. 2011లో కొన్న 5.1 హోమ్ థియేటర్ రిసీవర్ (బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె) బాగానే పనిచేస్తోంది కానీ, దాని గుండా కొత్త టీవీకి 4కే బొమ్మ రావడం లేదు. తల పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ రిసీవర్, నాలుగు సీలింగ్ స్పీకర్లు కలిపి, పాతదాని ఎక్స్ఛేంజ్ పోను రెండు నెలల జీతమంత అవుతుంది. 24 వాయిదాలు, వడ్డీ 10 శాతమే అన్నారు. కొంత అడ్వాన్స్ కూడా కట్టాను. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. వాయిదాల మీద అసలే వద్దు.

ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది, వస్తువు పేరొక్కటే మారుతుంది. అప్పు చేసి ఒకటి కొంటాం. అది వచ్చాక పక్కనున్నది పాతగా కనిపిస్తుంది. మీ రిసీవర్‌కు ఏ రోగమూ లేదని మీరే రాశారు. ఆ టీవీ ఇంటికి రాకపోయి ఉంటే దాని వయసు మీకు గుర్తొచ్చేదే కాదు. ఎక్స్ఛేంజ్ ఇస్తున్నారని ఇంత అప్పు నెత్తిన వేసుకోవడం, నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టుంటుంది.

ముందు ఆ ‘10 శాతమే’ సంగతి చూద్దాం. రెండు జీతాల మీద ఏడాదికి 10 శాతం చొప్పున రెండేళ్లకు వడ్డీ, ఒక జీతంలో 40 శాతం. అన్నీ కలిపి 2.4 జీతాలు, అంటే నెలకు జీతంలో 10 శాతం చొప్పున 24 వాయిదాలు. మీరేమో నెలనెలా అసలు తీరుస్తూ పోతారు, వాళ్లేమో చివరి నెల దాకా మొదటి రోజు బాకీ మీదే వడ్డీ వేస్తారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది ఏడాదికి 18 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఆ పైన. వినోదానికి 18 శాతం వడ్డీ కట్టే స్థితిలో మీరు లేరు.

అయినా నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఈ వడ్డీ కాదు, మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేసిన ఆ ‘నెలన్నర’. సంపాదించేది ఒక్కరు, తినేది నలుగురు, వాయిదాలు రెండు, చేతిలో ఉన్నది నెలన్నర ఖర్చు. రేపు జీతం ఆగితే మీకున్న గడువు 45 రోజులు. ఈ కొత్త వాయిదా కూడా తోడైతే 40 రోజులు. 41వ రోజున ఏం చేస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారు, కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తారు. నెలకు 3 శాతం వేసే కార్డు మీద బాకీని ఏడాది మోస్తే, వడ్డీ మీద వడ్డీ పడి 42 శాతం దాటుతుంది. అప్పటికి రిసీవర్ అమ్ముదామన్నా పెట్టిన ధరలో సగం వస్తే గొప్పే. వాయిదా మాత్రం ఒక్కటీ తగ్గదు.

ఇప్పుడు మీకు నెలకు మిగిలేది జీతంలో 12 శాతం. ఏడు నెలలయ్యాక టీవీ వాయిదా తీరి 20 శాతం అవుతుంది. జీతం ఆగితే ఆదుకునే అత్యవసర నిధికి ఆరు నెలల ఖర్చు కావాలి. కారు వాయిదాతో సహా అది 4.8 జీతాలు. చేతిలో ఉన్న నెలన్నర ఖర్చు 1.3 జీతాలు. మిగిలినదంతా ఇటు మళ్లిస్తే 21 నెలల్లో ఆ మొత్తం చేరుతుంది. రిసీవర్ వాయిదా పెట్టుకుంటే 33 నెలలు పడుతుంది. పైగా మొదటి ఏడు నెలలూ మీకు మిగిలేది జీతంలో 2 శాతమే. పిల్లలకు జ్వరమొచ్చినా, కారు టైరు పోయినా ఆ నెల అప్పే. ఇంత గీత గీసినట్టు బతికే ఇంట్లో నాలుగు సీలింగ్ స్పీకర్లు ఏం వినిపిస్తాయి చెప్పండి? ఒక్క సంపాదన మీద నడిచే ఇంటికి ఆరు నెలలనేది నా దృష్టిలో కనీసం. తొమ్మిదైతే ఇంకా మంచిది.

ఫండ్ అమ్మి కొనాలన్న ఆలోచన కూడా వద్దు. దాన్ని అత్యవసర నిధిలో లెక్కించొద్దు కూడా. మార్కెట్లు పడే రోజుల్లోనే ఉద్యోగాలూ పోతుంటాయి.

ఇక 4కే బొమ్మ సంగతి. దానికి అప్పు అవసరం లేదు, మహా అయితే ఒక కేబుల్ కావాలి. మీ రిసీవర్ కాలం నాటికి 4కే కంటెంట్‌కు వాడే హెచ్‌డీసీపీ 2.2 కాపీ రక్షణ రానేలేదు. అది ఆ పెట్టె హార్డ్‌వేర్‌లోనే లేదు కాబట్టి దాని గుండా బొమ్మ పోదు. పోనక్కర్లేదు కూడా. స్ట్రీమింగ్ స్టిక్, ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ నేరుగా టీవీకే పెట్టండి, టీవీ నుంచి శబ్దం ఒక్కటే రిసీవర్‌కు పంపండి. బొమ్మ, శబ్దం కలిపి పంపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ 1.4 వెర్షన్‌తో పాటు 2009లోనే ఏఆర్‌సీ (ARC) వచ్చింది, అంటే టీవీ శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి రిసీవర్‌కు వెళ్లే సౌకర్యం. మీ రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐ అవుట్ దగ్గర ఆ మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే టీవీలోనూ రిసీవర్‌లోనూ సీఈసీ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెట్టింగ్) ఆన్ చేసి, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను బిట్‌స్ట్రీమ్‌లో (శబ్దాన్ని విప్పకుండా రిసీవర్‌కే పంపే సెట్టింగ్) పెట్టండి. లేకపోతే ఆప్టికల్ కేబుల్. డాల్బీ డిజిటల్ 5.1 అందులోనూ వెళ్తుంది. పోగొట్టుకునేది బ్లూరేలోని ట్రూహెచ్‌డీ లాంటి లాస్‌లెస్ (నాణ్యత ఏమీ తగ్గని) ఆడియో. మీరు బ్లూరే డిస్కుల ఊసే ఎత్తలేదు. కొత్తదానిలో వాట్లు ఎక్కువని కూడా ఊరించి ఉంటారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, అంతే.

అట్మాస్ నిజంగా బాగుంటుంది, కాదనను. నిధి నిండిన వాళ్లు కొనుక్కోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి కూడా గట్టిగానే చెప్పాలి. ఆఫీసు పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, అదీ మీకు అన్నింటికన్నా అవసరమైన రోజున. కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా, మీ పేరిట టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఆ ప్రీమియాలు పైన చెప్పిన 21 నెలల లెక్కలో లేవు. కలిపితే గడువు ఇంకొంత జరుగుతుంది, జరగనివ్వండి.

టీవీ వాయిదాలు తీరాక, నిధి నాలుగు నెలల ఖర్చు దాటాక, నెలకు జీతంలో 4 శాతం రిసీవర్ కోసం విడిగా వేసుకోవచ్చు. ముందు రిసీవర్ ఒక్కటే, సీలింగ్ స్పీకర్లు తర్వాత. అప్పుడు కూడా కొత్తగా దిగిన మోడల్ వైపు చూడకుండా నిరుటిది తీసుకోండి. 2020లో హెచ్‌డీఎంఐ 2.1తో ముందుగా వచ్చిన రిసీవర్లలో కొన్ని, కొన్ని గేమింగ్ కన్సోల్‌ల నుంచి సెకనుకు 120 ఫ్రేముల 4కే సిగ్నల్ అందుకోలేక ఇబ్బంది పెట్టాయి. ముందు కొన్నవాళ్లే ఆ తలనొప్పి పడ్డారు. ఈలోగా పాతది వేడెక్కి ఆగిపోతున్నా, ఒక చానల్ పోయినా రిపేరు అడగండి. చాలాసార్లు రిలేనో కెపాసిటరో మారిస్తే సరిపోతుంది. కొత్తదాని ధరలో మూడో వంతు దాటి అడిగితే వదిలేసి, కొన్నాళ్లు టీవీ స్పీకర్లతోనే చూడండి.

అడ్వాన్స్ వెనక్కి అడగండి. ఇవ్వనంటే, మీరు తప్పించుకుంటున్న వడ్డీ 40 శాతం జీతమని గుర్తుపెట్టుకుని, అందులో సర్దుకోండి. లోన్ ఫారం మీద ఇప్పటికే సంతకం చేసి ఉంటే మాత్రం డబ్బు విడుదల కాకముందే రద్దు చేయమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు వాళ్ల సంతకం తీసుకోండి.