ఇక్కడ ఆడవాళ్లకి ఇంకేం తక్కువ?

కొత్తగా హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చిన అబ్బాయిలు ఏదో ఒక వీకెండ్ పార్టీలో ఈ మాట ఎత్తుతారు. "అక్కా, ఇక్కడ ఆడవాళ్లు బస్సులు నడుపుతున్నారు, పోలీసు ఉద్యోగాలు చేస్తున్నారు, మా ఆఫీసులో నా మేనేజరే ఆడమనిషి, ఇంకా ఈ ఫెమినిజం గోలేంటి?" అని. పక్కనే కూర్చుని పిల్లాడికి పెరుగన్నం కలుపుతున్న వాళ్లావిడ ఏమీ అనదు. తర్వాత ఎప్పుడో ఆ అమ్మాయే వాట్సాప్‌లో అడుగుతుంది, "అక్కా, హెచ్4 మీద నా పేరున బ్యాంకు అకౌంటు తెరవొచ్చా?" అని. హెచ్4 అంటే హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా. ఇద్దరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. నేనుండేది టెక్సాస్‌లో కాబట్టి ఉదాహరణలు కొన్ని ఇక్కడివే ఉంటాయి, మీ రాష్ట్రంలో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

తమ్ముడూ, నువ్వు చూసింది అబద్ధమేమీ కాదు. కానీ ఆ మేనేజరు ఇక్కడే పుట్టి ఉంటుంది, లేదా ఎప్పుడో గ్రీన్‌కార్డు తెచ్చుకుని ఉంటుంది. మీ ఆవిడ హెచ్4. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తున్నావు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి, ఇంటద్దె కట్టి, తమ్ముడి ఫీజులు కూడా కట్టిన పిల్ల ఇక్కడ విమానం దిగిన రోజు నుంచి చట్టప్రకారం పని చేసి ఒక్క డాలరు కూడా సంపాదించకూడదు. గ్రీన్‌కార్డు కోసం నీ కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ కావాలి, లేదా ఆరేళ్లు దాటాక గ్రీన్‌కార్డు ప్రాసెస్ పుణ్యమా అని నీ హెచ్1 పొడిగించాలి, అప్పుడే ఆమె ఈఏడీకి, అంటే వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునేది. ఆ దారి కూడా 2015 మే నుంచే తెరుచుకుంది. అంతకుముందు వచ్చిన ఆడపిల్లల్లో ఎంసీఏలు, ఎంటెక్‌లు చేసినవాళ్లు ఏళ్ల తరబడి స్కూళ్లలో, లైబ్రరీల్లో జీతం లేకుండా వాలంటీరు పని చేసుకుంటూ గడిపేశారు. కంపెనీ బదిలీ మీద ఎల్1 వీసాతో వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది ఎల్2, వాళ్ల పరిస్థితి నయం, 2021 నవంబరు నుంచి విడిగా ఈఏడీ లేకుండానే పని చేసుకోవచ్చు, ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

చట్టంలో ఆడా మగా అని ఎక్కడా రాసి లేదు, నిజమే. అయితే మన సంబంధాల్లో అబ్బాయి ముందు వచ్చి కుదురుకుని, ఆ తర్వాత ఊరెళ్లి మూడు వారాల సెలవులో పెళ్లి చేసుకుని అమ్మాయిని తెచ్చుకుంటాడు. కాబట్టి ఉద్యోగం వదులుకునేది ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. హెచ్4 మీద ఉన్న మగవాళ్లూ నాకు తెలుసు. వాళ్లని చూసి "ఏం బావా, ఈరోజు కూరేంటి?" అని నవ్వేది ఎవరనుకున్నారు, మన మగవాళ్లే.

ఇక అమ్మాయి అడిగిన దానికి జవాబు. తెరవొచ్చు. పాస్‌పోర్టు, వీసా, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని ఒక బ్రాంచి వాళ్లు తిప్పి పంపితే ఇంకో బ్యాంకుకి వెళ్లండి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. జాయింట్ అకౌంట్ అయితే మీ పేరున డెబిట్ కార్డు విడిగా తీసుకోండి, లాగిన్ కూడా మీదే ఉండాలి. ఆయన పాస్‌వర్డ్ మీకు తెలిసి ఉండటం దానికి సమానం కాదు. ఇది వినగానే "మా ఆయన అలాంటివాడు కాదక్కా" అంటారు. అలాంటివాడని నేనెక్కడ అన్నాను? ఆయనకి ఏ యాక్సిడెంటో అయి ఆస్పత్రిలో ఉంటే అద్దె ఎలా కడతారు, అది చెప్పండి.

టాక్స్ రిటర్న్ సంగతి ఎవరూ చెప్పరు. ఫిబ్రవరి, మార్చిలో ఆయన ల్యాప్‌టాప్ మీ ముందు పెట్టి "ఇక్కడ సంతకం" అంటాడు. జాయింట్‌గా ఫైల్ చేస్తే అందులో తప్పులకీ, కట్టాల్సిన పన్నుకీ ఇద్దరూ బాధ్యులే. అందుకని చదివాకే సంతకం పెట్టండి, అర్థం కాకపోతే అడగండి. పెళ్లిచూపుల్లో చెప్పిన జీతం ఎంత నిజమో కూడా కంపెనీ ఏటా ఇచ్చే జీతం కాగితం డబ్ల్యూ-2 చూస్తే తెలిసిపోతుంది. ఇంకో మాట, టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా అది సాధారణంగా ఇద్దరి సొమ్ము కిందే లెక్క. "నా జీతంతో కూర్చుని తింటున్నావు" అనే మాట ఇంట్లో వినిపిస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

"అమెరికా ఎప్పుడో ముందుకెళ్లిపోయింది" అనుకునేవాళ్లకి రెండు ముక్కలు. అప్పు ఇచ్చేటప్పుడు ఆడవాళ్లనీ, పెళ్లైనవాళ్లనీ వేరుగా చూడకూడదని ఇక్కడ చట్టం వచ్చింది 1974లో. అంటే మన దగ్గర ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఇక్కడ ఉద్యోగం చేసుకునే పెళ్లైన ఆవిడ క్రెడిట్ కార్డుకి వెళ్తే చాలాచోట్ల మొగుడి సంతకం అడిగేవాళ్లు. ఇక ప్రసూతి సెలవు. మన దేశంలో 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, జీతంతో సహా. ఇక్కడ ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలు, జీతం లేకుండా, అదీ కంపెనీలో యాభైమంది ఉండి, మీరు అక్కడ ఏడాది పని చేసి ఉంటేనే. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు కొంత జీతం వచ్చే ఏర్పాటు చేశాయి. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ దయ. అందుకే కదా పురుడుకి అమ్మని ఆరు నెలలు రప్పించేది! ఆరు వారాల పసిగుడ్డుని ఇంట్లో వదిలి ఆఫీసుకెళ్లి, మీటింగుల మధ్య పాలు పిండుకుని ఫ్రిజ్‌లో దాచుకునే ఆడవాళ్ల దగ్గరికెళ్లి "ఇంకేం కావాలి మీకు" అని ఒకసారి అడిగి చూడండి.

డ్రైవింగ్ లైసెన్స్ ఆలస్యం చేయకండి అమ్మాయిలూ. వర్క్ పర్మిట్ లేని హెచ్4 వాళ్లకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు కాబట్టి ఆ ఆఫీసులో "ఈమె అర్హురాలు కాదు" అని లెటర్ తీసుకోవాల్సి రావచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. టెక్సాస్‌లో పాతికేళ్లలోపు వాళ్లకి ఆరు గంటల కోర్సు ఉంది. లైసెన్స్ గడువు మీ ఐ-94 తేదీతో ముడిపడి ఉంటుంది, ఆయన ఎక్స్‌టెన్షన్ ఆలస్యమైతే మీ డ్రైవింగూ ఆగిపోతుంది, కాబట్టి ఆ తేదీలు మీ ఫోన్లో కూడా ఉండాలి. కారు లేకుండా ఈ సబర్బుల్లో ఆడపిల్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చుకోవాలన్నా శనివారం దాకా ఆగాలి.

ఇంటిపని గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. డిష్‌వాషర్ ఉంది కదా అంటారు, మన తెలుగిళ్లలో అది చేత్తో తోమిన గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండు.

ఇప్పుడు ఉద్యోగాలున్న ఆడవాళ్లకి, సిటిజన్‌షిప్ కూడా వచ్చేసినవాళ్లకి. మీకు వేరే పరీక్ష ఉంది. నాన్నగారు పోయిన ఏడాదికో రెండేళ్లకో తమ్ముడు ఫోన్ చేస్తాడు. ముందు పిల్లల చదువులు, తర్వాత వర్షాలు, ఆ తర్వాత మెల్లగా, "అక్కా, ఊళ్లో పొలం కాగితాలు సర్దుతున్నాం, కాన్సులేట్‌లో ఒక సంతకం పెట్టి పంపిస్తావా?" అని. ఆ వెనకే అమ్మ ఫోన్ అందుకుంటుంది. "నీకేం తక్కువే, అక్కడ అంత ఇల్లుంది. పెళ్లికి పెట్టాం, పసుపు కుంకుమల కింద ఇచ్చాం." అంతే, కాన్సులేట్ అపాయింట్‌మెంట్ బుక్ చేసేస్తాం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం మార్చి కూతుళ్లకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది, అది అమల్లోకి వచ్చినట్టు లెక్కేసిన 1985 సెప్టెంబరుకి ముందే పెళ్లైనవాళ్లకి మాత్రం వర్తించలేదు. కేంద్రం 2005లో దేశమంతటికీ ఇచ్చినప్పుడు ఆ పెళ్లి షరతు లేదు. ఆ 2005 చట్టం అమలైన తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే తగాదాని కూడా సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది, అక్కర్లేదంది. తండ్రి స్వార్జితం ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అది వేరే సంగతి.

వదులుకోవద్దని నేను చెప్పడం లేదు. అమ్మానాన్నల్ని చూసుకున్న తమ్ముడికి ఇష్టంగా రాసిచ్చిన వాళ్లున్నారు, మంచిదే. కానీ ఎంత భూమి, ఏ సర్వే నంబరు, అది అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీయా, హక్కు వదులుకునే పత్రమా అని అడగకుండా, అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరేమో అని భయపడి పెట్టే సంతకం మాట వేరు. ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసే ఆవిడ కూడా ఆ ఫోన్ దగ్గర నోరు పెగలక కూర్చుంటుంది.

చివరగా, ఎవరికీ అవసరం రాకూడదని కోరుకుంటూ రాస్తున్నా. పాస్‌పోర్టు మీ దగ్గరే పెట్టుకోండి, అత్తగారి బీరువాలో కాదు. ఆయన చెయ్యి చేసుకుంటే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి, ఇంగ్లీషు తడబడితే తెలుగు అని చెప్పండి, చాలాచోట్ల అనువాదం చేసేవాళ్లని లైన్లోకి కలుపుతారు. "కంప్లైంట్ ఇస్తే నీ వీసా పోతుంది" అని బెదిరిస్తే నమ్మేయకండి. హింసకి ఆధారాలుంటే హెచ్4 భార్య మొగుడి ప్రమేయం లేకుండా ఐ-765వీ ఫారంతో సొంతంగా వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి 1991 నుంచి మనవాళ్ల కోసమే పనిచేస్తున్నాయి, హ్యూస్టన్‌లో దయ ఉంది.

భార్యని పుట్టింటికని ఇండియా పంపించి, వెనక నుంచి ఇక్కడి కోర్టులో విడాకులు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇది కొత్తదేం కాదు. 1975లో తిరుపతిలో పెళ్లైన ఒకాయన మిస్సోరీ కోర్టులో 1980లో విడాకులు తెచ్చుకుని, ఆ మరుసటేడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య వదల్లేదు. 1991లో సుప్రీంకోర్టు ఆ మిస్సోరీ తీర్పు మన దగ్గర చెల్లదని చెప్పింది. ఆమె ఆ కోర్టు కాగితాలకి జవాబు పంపింది గానీ, మీ అధికారాన్ని ఒప్పుకోవడం లేదని అందులోనే రాసింది, అది ఆమెకి పనికొచ్చింది. కాబట్టి అలాంటి కవరు మీకు వస్తే మూల పడేయకండి, ఊరికే సంతకం పెట్టి పంపకండి, ముందు లాయర్‌కి చూపించండి. పెళ్లి సర్టిఫికెట్, మీ వీసా అప్రూవల్ కాగితం ఐ-797, పాస్‌పోర్టు కాపీలు మీ సొంత ఈమెయిల్లో ఈరోజే పెట్టుకోండి.